కింది రెప్ప చూసే సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు పాలు పోసే ఆమె చెప్పింది. పొద్దున దుకాణం తెరిచి ఉప్పు బస్తాను అరుగు మీదికి జరుపుతున్నాను. "సేటూ, మన పాత సిస్టర్ లేదట. నిన్న సుల్తానాబాద్‌ల బిడ్డ ఇంట్ల గుండె ఆగిందట. ఇయ్యాల పదకొండు గొట్టంగ తీస్తరట" అన్నది. పాలు కొలిచి పోసి, ఆమె దారిన ఆమె పోయింది. నేను బస్తా మూతి పట్టుకొని అట్లే నిలబడ్డాను. లోపలికి గుంజాలో బయటికి జరపాలో తోచలేదు.

నేను రాసే మనిషిని కాను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. సుల్తానాబాద్‌కు నాలుగు ఊర్ల అవతల, బడి గేటుకు ఎదురుగా నలభై ఏండ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. నాకు మాటలు తక్కువ. ఆడవాళ్లతో మరీ తక్కువ. ఊర్లో నన్ను మూగ సేటు అంటారు. ఎదురుగానే అంటారు, నేనేమీ అనుకోను. ఇవాళ ఈ నాలుగు మాటలు రాయడం సిస్టరమ్మ మంచిదని చెప్పడానికి మాత్రమే కాదు. ఆమె మీద మా ఊరు వేసిన నింద ఒకటి ఉంది. మా కోడలు ఆమె నిర్లక్ష్యం వల్ల చనిపోయిందని. పదమూడేండ్లుగా ఆమె దాన్ని మోసింది. అది ఆమెది కాదు. ఎవరిదో నాకు తెలుసు.

ఆమె మా ఊరి సబ్ సెంటర్‌కు ఏఎన్ఎంగా వచ్చింది. అందరూ సిస్టర్ అనేవారు. నేను సిస్టరమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను కాకా అనేది. పాత స్కూటీ, దానికి తగిలించిన నీలం సంచి, అందులో టీకాల డబ్బా, ఎర్ర గోలీలు. ఆ గోలీలు రక్తం పట్టడానికి. స్కూటీ చప్పుడు వినబడితే కొందరు కోడండ్లు పెరట్లోకి దాక్కునేవారు. గోలి ఇచ్చి పోయే మనిషి కాదు ఆమె. నీళ్లు తెప్పించి, ఎదురుగా కూర్చొని, మింగాక నోరు తెరిపించి చూసేది. "గోలి డబ్బల ఉంటే రక్తం డబ్బకే పడ్తది" అనేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఆడమనిషి ఎక్కడ కనబడినా బొటనవేలితో కంటి కింది రెప్పను కిందికి లాగి చూసేది. బస్సులో, బోరింగు దగ్గర, బతుకమ్మ ఆడే చోట. లోపల ఎర్రగా ఉంటే వదిలేది. తెల్లగా ఉంటే చెయ్యి పట్టుకునేది. ఒకసారి ఊర్లో ఎవరిదో పెళ్లి పందిట్లో తలంబ్రాలు అయ్యాక అందరూ వరుసగా అక్షింతలు వేస్తున్నారు. ఆమె పెండ్లిపిల్ల తల మీద బియ్యం వేసి, అదే చేత్తో రెప్ప గుంజింది.

"ఏందమ్మా సిస్టర్, గీడ గుడనా? ఫొటో తీస్తున్నరు" అన్నది పిల్లగాని తల్లి.

"ఫొటోల ఎర్రగనే వస్తది అత్తా. కంట్లనే తెల్లగున్నది. పదారు రోజుల పండుగ అయినంక మీ కోడలిని నా కాడికి తోలు."

"పెండ్లి అయ్యీ కాకముందె కోడలికి వంకలు వెడుతున్నవా?"

"వంక పిల్లకు కాదు. పదమూడేండ్ల వయసు సంది నెలనెల రక్తం పోతున్నది, వచ్చేది లేదు. రేపు కడుపుల బిడ్డ అడుగుతది. ఎక్కడ్నుంచి తీసి ఇస్తది? బొక్కల్ల నుంచి ఇస్తదా?"

పందిట్లో అందరూ నవ్వారు. పెండ్లిపిల్ల కూడా నవ్వింది. సిస్టరమ్మ నవ్వలేదు. "మొఖానికి పౌడర్ ఉన్నది. కింది రెప్పకు పౌడర్ లేదు" అని అక్షింతల పళ్లెం నాకు అందించి పోయింది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి సోడా అడిగింది. ఆమె చాయ్ తక్కువ తాగేది. తాగుతూ నా వెనక అరలు చూసింది. బలపాల డబ్బాలు అక్కడే ఉంటాయి.

"కాకా, ఒకటో తరగతిల పోరగాండ్లు ఎంతమంది?"

"ఇరవై ఉండరు."

"పలకలు అమ్ముతవా?"

"ఏడాదికి పది పోతయి."

"మరి గిన్ని బలపాలు ఎవరు రాస్తున్నరు?"

నేను బలపాల డబ్బా మూత పెట్టాను. నాకు తెలుసు. బలపాలు కొనేది ఆడవాళ్లు. కొంగు చాటున చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, పిల్లల కోసం అని అడిగేవారు. వాళ్లలో కొందరికి బడికి పోయే పిల్లలు లేరు. కొందరికి పెండ్లే కాలేదు. నేను తల దించుకొని కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి. అది ఆడవాళ్ల యావ అనుకునేవాణ్ణి.

"తింటున్నరు కాకా" అన్నది ఆమె. "ఒంట్ల రక్తం తక్కువైతే నాలికె పాడైతది. మట్టి అడుగుతది, వడ్లగింజ అడుగుతది, బలపం అడుగుతది. గది యావ కాదు. రోగం నోరు తెరిచి చెప్పే తీరు గది. నాకు ఇంట్ల ఎవరూ చెప్పరు. నీకు చెప్పకుండనే తెలుస్తది. ఎవరు కొంటున్నరో జర చిట్టీ మీద రాసి పెట్టు."

మాట్లాడే పని లేదు కాబట్టి ఒప్పుకున్నాను. పొట్లాలు కట్టే కాగితం ముక్క మీద పేర్లు రాసి సోడా సీసా కింద పెట్టేవాణ్ణి. ఆమె సోడా తాగి, చిట్టీ సంచిలో వేసుకొని పోయేది. వారంలోపు ఆ ఇంటి ముందు స్కూటీ ఆగేది. ఎట్లా తెలిసిందో ఎవరికీ తెలియదు. సిస్టర్‌కు దేవుడు చెప్తాడని ఒక ముసలామె అన్నది. నాలుగేండ్లు ఇట్లా నడిచింది. ఎంతమందికి మేలు జరిగిందో నేను లెక్క పెట్టలేదు. జరగనిది ఒక్కటి చెబుతాను.

మా కోడలిది చెన్నూరు. తల్లి లేని పిల్ల. చిన్నప్పుడే పోయిందట. సన్నగా ఉండేది, పని చకచకా చేసేది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. మా కొడుకు సుల్తానాబాద్‌లో రైస్ మిల్లులో పని చేసేవాడు, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. మా ఇంట్లో మామ, కోడలు ఎదురుపడి మాట్లాడుకునే అలవాటు లేదు. నాకు మంచినీళ్లు కావాలంటే గడప మీద చెంబు పెట్టి గాజులు చప్పుడు చేసేది. అంతే.

పెండ్లయిన ఏడాదికి కడుపు పండింది, మూడో నెలలో పోయింది. పది, పన్నెండు రోజులు పక్క మీదే ఉన్నది. ఆడవాళ్లకు అది మామూలే అని మా ఇంటామె అన్నది. మామూలే కాబోలు అనుకున్నాను. ఐదు నెలలు తిరగకుండా మళ్లీ నిలిచింది. తొలి కాన్పుకు ఆడపిల్లను తల్లిగారింటికి తీసుకుపోతారు. ఈమెకు తీసుకుపోయే తల్లి లేదు. కాన్పు మా ఇంట్లోనే అనుకున్నాము.

మా ఇంటామె చెడ్డది కాదు. ఆమెకు ఆమె అత్త చెప్పినవే ఈమెకు చెప్పింది. ఎర్ర గోలీలు మింగితే బిడ్డ లావైతది, కాన్పు కష్టమైతది. నల్లగ పుడతరు. కడుపుతో ఉన్న ఆమె ఎక్కువ తింటే బిడ్డకు జాగ ఉండదు. సిస్టరమ్మ ముందు మాత్రం అన్నీ ఒప్పుకునేది. కోడలు ఒకటి రెండు నెలలు మింగింది. కడుపులో తిప్పుతుందని, దొడ్డికి నల్లగా వస్తుందని భయపడ్డది. తర్వాత మానేసింది. సిస్టర్ అడిగితే "మింగుతున్న" అనేది.

ఈ మాటలు వంటింట్లోంచి దుకాణంలోకి వినబడేవి. మింగడం లేదని ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గోలీల పట్టీలు తగిలాయి. ఒక్కటీ చింపలేదు. బియ్యం కింద అడుగున పేర్చి ఉన్నాయి. తీసి చూశాను. మళ్లీ అక్కడే పెట్టి పైన బియ్యం కప్పాను.

ఇంకోటి. తెల్లవారే దుకాణం ఊడ్చేది కోడలే. బలపాల డబ్బా ఒకటి తెరిచి ఉండేది, రోజూ కొంచెం తగ్గేది. ఎలుకలు బలపాలు తినవు. ఒక పొద్దున నేను లేచి వచ్చేసరికి ఆమె మూలన చీపురు పట్టుకొని నిలబడి ఉన్నది. పెదవి అంచున తెల్లటి పొడి. నేను చూశాను. నేను చూసినట్టు ఆమె చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గి, బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆమె నా దిక్కు చూడటం మానేసింది.

కూర్చొని ఒకటి ఆలోచించాను. మా ఇంటికి వచ్చి రెండేండ్లు అయింది, ఈ పిల్ల అన్నం తినగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. మేము తిన్నాక, మా ఇంటామె తిన్నాక, గిన్నెలు కడిగే ముందు ఏదో తినేది. ఏముంటే అది. ఉంటే.

ఎనిమిదో నెలలో సిస్టరమ్మ దుకాణం ముందు స్కూటీ ఆపింది. సోడా అడగలేదు.

"కాకా, మీ కోడలికి రక్తం ఏడు గ్రాములే ఉన్నది. పోయిన నెల ఎనిమిదుండె. గోలీలు మింగుతున్న అంటది. మింగుతుంటె పెరగాలె గద, తగ్గుతదా?"

ఆమె అడగకున్నా నేను సోడా సీసా తీశాను.

"సెలైన్ల పెట్టి ఎక్కిచ్చే మందు ఉన్నది. నాలుగైదు సార్లు కరీంనగర్ తీస్కపోవాలె. అత్తనడిగితే గోలీలు మింగుతున్నది గద, ఊకె దవాఖానల పొంటి తిప్పుడెందుకు అంటున్నది. నీ కొడుకు అవ్వనడుగు అంటడు. నిన్నడుగుత. నీ చిట్టీల ఊరంత ఉన్నది, మీ ఇంటి పేరు ఎన్నడు లేదు. నిజం చెప్పు. నీ కోడలు బలపాలు తింటదా? తింటదంటె గోలీలు మింగుతలేనట్టె లెక్క, రేపే బండి పెట్టి తీస్కపోత, ఎవరాపుతరో చూస్త. తినదంటె ఇంకో నెల గోలీలే ఇచ్చి చూస్త."

నేను త్రాసు దిక్కు చూశాను. దాని మీద ఏమీ లేదు.

"తినదు సిస్టరమ్మా" అన్నాను.

ఆ నాలుగేండ్లలో నేను ఆమెతో తడబడకుండా, గట్టిగా అన్న మాట అది ఒక్కటే.

ఎందుకన్నానో ఇన్నేండ్లు ఆలోచించాను. దుకాణం నడిపే ఇంట్లో కోడలు కడుపు నిండక బలపాలు తింటుందంటే ఊరు నవ్వుతుంది. ఉప్పు, పప్పు అందరికీ కొలిచి ఇచ్చేటోడు ఇంట్లో పిల్లకు పెట్టలేదంటారు. ఇంకోటి, నా దుకాణంలోంచి దొంగతనంగా తీసిందని ఆమెకు పేరు వస్తుందనుకున్నాను. ఆమె ఇజ్జత్ కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాపాడింది నా ఇజ్జత్‌నే.

ఆ నెల తిరగలేదు, తొమ్మిదో నెల ఇంకా నిండలేదు. ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. సిస్టరమ్మ వచ్చి చూసి, వెంటనే బండికి ఫోన్ చేసింది. కరీంనగర్ పోయేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక్కి తిరిగి ఒక్కసారి చూశాను. దుప్పటి కింది నుంచి పాదాలు కనబడ్డాయి. అరికాళ్లు బలపం రంగులో ఉన్నాయి.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. అక్కడివాళ్లు చెయ్యాల్సింది చేశారు, రెండు సీసాలు ఎక్కించారు, మూడోది తెచ్చేలోపే పోయింది. సిస్టరమ్మ బయటికి వచ్చి గోడకు ఆనుకొని కింద కూర్చుంది. ఆమె మోచేతి మడతలో దూది ఉన్నది. ఎక్కించిన సీసాలకు బదులు తన రక్తం ఇచ్చినట్టున్నది. "వేరే ఆడోళ్లకు గంత పోయినా తట్టుకుంటరు" అన్నది, ఎవరితోనో తెలియదు. "ఈమెకు పోనీకి ఏం లేకుండె."

పదిహేను రోజులకు ఆరోగ్య శాఖ సార్లు జీపులో వచ్చారు. ఒక తల్లి కాన్పులో పోతే ఎందుకు పోయిందని అడిగి రాసుకుంటారట. మా ఇంటామె చెంగు నోట్లో పెట్టుకొని, "రోజూ నా ముంగటనే మింగింది సార్" అన్నది. నన్ను అడిగారు. నేను మాట్లాడలేదు. పాపం దుఃఖంలో ఉన్నాడని రాసుకున్నారు. ఊరివాళ్లు, మా పాలోళ్లు, అంటే దాయాదులు, సబ్ సెంటర్ మీదికి పోయారు. మా పెద్దనాయన కొడుకు తలుపు తన్నాడు.

"నీ గోలీలు మింగి మింగే సచ్చింది పిల్ల! రక్తం లేదని నీకు తెలుస్తలేదా? జీతం ఎందుకు తింటున్నవ్?"

ఆమె గడపలో రిజిస్టర్ గుండెకు ఆనించుకొని నిలబడ్డది. మనుషుల మధ్యలోంచి నన్ను ఒక్కసారి చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. నెల తిరగకుండా ఆమెకు మెమో వచ్చింది, బదిలీ వచ్చింది. బోథ్ అవతల ఏదో ఊరు. స్కూటీ వెనక సామాను కట్టుకొని బడి ముందు నుంచే పోయింది. దుకాణం దగ్గర ఆగలేదు.

ఏడాది గడిచాక ఒకరోజు దుకాణం మూసి, రెండు బస్సులు, ఒక ఆటో మారి ఆ ఊరు పోయాను. మా ఇంటామెకు చెప్పలేదు. పత్తి ఏరే కాలం. సబ్ సెంటర్ వరండాలో ఆడవాళ్లు పత్తి చేన్ల నుంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. సిస్టరమ్మ ఒకామె రెప్ప గుంజి చూస్తూ, "బాయీ, గోలి ఖాల్లీ కా?" అని అడుగుతున్నది. గోలి మింగినవా అని అక్కడి మరాఠీలో అడగడం కూడా నేర్చుకున్నది. ఆ ఆడమనిషి తల ఊపింది. "ఝూట్" అన్నది సిస్టరమ్మ. ఆమె నవ్వుతూ కొంగు ముడి విప్పి గోలి తీసి మింగింది. అప్పుడు సిస్టరమ్మ నన్ను చూసింది.

"కాకా? నువ్వేంది గీడ?"

"చెప్పాలని వచ్చిన."

"ఏం?"

"తిన్నది సిస్టరమ్మా. బలపాలు తిన్నది. గోలీలు బియ్యం డబ్బల ఉండె. నాకెరుకే."

ఆమె చేతిలో బీపీ చూసే పట్టా ఉన్నది. దాన్ని మెల్లగా చుట్టుకుంటూ పోయింది. చుట్టడం అయిపోయినా విప్పి మళ్లీ చుట్టింది.

"నాకు గుడ ఎరుకనే" అన్నది. "నువ్వు ఉట్టి త్రాసు దిక్కు చూసినప్పుడే తెలిసింది. గా దినం నేను మీ ఇంట్లకు పొయ్యి డబ్బాలన్ని బోర్లియ్యాల్సింది. పెద్దమనిషి ఇజ్జత్ తీసుడెందుకని ఆగిన. నెల ఉన్నదనుకున్న."

"సార్లకు చెప్పకపోతివి."

"చెప్తే పిల్ల లేచి వస్తదా? నాకు మెమో తప్పుతుండె, గంతే." అప్పుడు కోపం వచ్చింది. ఆమె గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి. "నీ దుకాణం నుంచి నీ వంటింటికి నాలుగు అడుగులు కాకా. గా దినం గా నాలుగు అడుగులు నడవకపోతివి. ఇయ్యాల మూడు బండ్లు మారి గింత దూరం వచ్చినవ్. ఎవరికోసం వచ్చినవ్? నాకోసమా, నీకోసమా?"

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఆమె పనిలో పడ్డది. సాయంత్రం బస్సు వేళకు నా దగ్గరికి వచ్చి నిలబడ్డది.

"బలపాలు అమ్ముడు బంద్ వెడ్త సిస్టరమ్మా" అన్నాను.

"బంద్ వెడితే ఇంకో దుకాణంల కొంటరు. లేకుంటె గోడ గీకి తింటరు. అమ్ము. కాని చిట్టీలు బంద్ వెట్టు. నోటితోని అడుగు. కొననొచ్చిన ప్రతి ఆడమనిషిని అడుగు."

"నాకు రాదు."

"రాదంటే ఎట్ల? నేర్చుకో."

మాఫ్ చేశానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

నేర్చుకోవడానికి వారం పట్టింది. మొదట అడిగింది నడివయసు ఆమెను. బలపాలు చుట్టిన పొట్లం చేతికి ఇవ్వకుండా పట్టుకొని, "బిడ్డా, సబ్ సెంటర్‌ల కన్ను చూపించుకున్నవా?" అన్నాను.

"అవ్వో! మూగ సేటుకు మాటలొచ్చినయ్!" అని ఆమె బజారంతా వినబడేట్టు అన్నది. "నా కన్ను నీకెందుకే ముసలోడా? నీ చూపే మంచిగ లేదు."

బడి దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. నాలుగు రోజులు దుకాణానికి ఆడవాళ్లు తగ్గారు కూడా. తర్వాత ఆమే వచ్చి గొంతు తగ్గించి, "సేటూ, చూపిచ్చుకున్న. ఆరున్నదట" అన్నది. నేను తల ఊపాను. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు నన్ను చూసి నవ్వేవాళ్లు ఎక్కువ, తిట్టేవాళ్లు తక్కువ. అడిగినా పోనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకామె పోయిన ఏడాది కాన్పుకు ముందే బిడ్డను పోగొట్టుకున్నది. నేను అడిగాను, ఆమె పోలేదు. అడగడం చాలదని ఆ రోజు తెలిసింది.

రిటైరైన తర్వాత సిస్టరమ్మ సుల్తానాబాద్‌లో బిడ్డ దగ్గర ఉన్నది. నెలకో రెండు నెలలకో ఒకసారి బస్సులో మా ఊరు వచ్చి బియ్యం బస్తా మీద కూర్చొని సోడా తాగేది. కొందరు ఆమెను చూసి పక్క వీధిలోంచి పోయేవారు. ఆమె చూడనట్టే ఉండేది.

ఈ ఏడాది మా మనవరాలు పెద్దమనిషి అయింది. ఆ దవాఖానలో పుట్టి ఏడ్చిన పిల్లే. తల్లి లేకుండా మా ఇంటామె చేతుల్లో పెరిగింది. సిస్టరమ్మకు తెలిసి వచ్చింది. ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం, నువ్వులు తెచ్చింది. పిల్ల మూలన చాప మీద కూర్చొని ఉంటే పక్కన కూర్చుంది. "గీ తొమ్మిది దినాలు కుడుకలు పెడ్తరు, నువ్వుల ముద్దలు పెడ్తరు, మంచిగ తినుమంటరు" అన్నది. "తర్వాత నలభై ఏండ్లు ఎవ్వరు పెట్టరు. నువ్వే తినాలె. అడిగి తినాలె." రెప్ప గుంజి చూసింది. దినానికి ఎన్నిసార్లు బట్ట మారుస్తున్నావని అడిగింది. పిల్ల సిగ్గుపడి వేళ్లు చూపింది.

"ఆడపిల్ల అన్నంక పోదా సిస్టర్" అన్నది మా ఇంటామె.

"పోతది అత్తా. ఎంత పోతున్నదని అడిగెటోళ్లు ఉండాలె. వచ్చే వారం పరీక్షకు తీస్కరా. పది కన్న తక్కువుంటె ఊకోను."

అప్పుడు మనవరాలు తల ఎత్తింది. "మా అమ్మను గుడ మీరే చూసిన్రట గద సిస్టర్?"

నేను గుమ్మంలో సోడా సీసా పట్టుకొని నిలబడి ఉన్నాను. మా ఇంటామె చాప అంచు సర్దుతున్నది. సిస్టరమ్మ నన్ను చూడలేదు. అంతకాలంలో నన్ను చూడకుండా ఉండటానికి ఆమె కష్టపడ్డది ఆ రోజే.

"చూసిన బిడ్డా" అన్నది. "సరిగ చూడలే."

ఆ తర్వాత పిల్ల సిస్టరమ్మ ఇచ్చిన కుడుకలు ముట్టలేదు. సిస్టరమ్మను బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. బస్సు మెట్టు ఎక్కుతూ ఆమె రెండుసార్లు ఆగింది, కడ్డీ పట్టుకొని ఊపిరి తీసుకున్నది. ఊరందరి రెప్పలు గుంజి చూసిన మనిషి. ఆమె రెప్ప ఎవరు చూశారో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆమె మా ఊరు రావడం అదే ఆఖరు.

కబురు విన్న రోజే పదకొండు గంటలకు సుల్తానాబాద్ పోయాను. ఆమె ముఖం మీద పసుపు రాశారు. మా ఊరి ఆడవాళ్లు పది పన్నెండు మంది వచ్చి దూరంగా నిలబడ్డారు. నా ముందున్న ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"మంచి మనిషే పాపం."

"మంచిదే. గాని గా సేటు కోడలిని చేతులార పోగొట్టె. గా ఒక్కటే మచ్చ."

నేను వెనకే ఉన్నాను. నోరు తెరిచాను. అప్పుడే పాడె లేపారు, డప్పులు మొదలయ్యాయి. డప్పులు ఆగినంక చెప్పి ఉండవచ్చు. నేను చెప్పలేదు. బస్సెక్కి వచ్చాను.

అందుకని రాస్తున్నాను. నాలుగు రోజులుగా, దుకాణంలో ఎవరూ లేని వేళ, ఇంట్లో పడి ఉన్న పాత నోటుబుక్కులో. నా రాత ఎవరికీ అర్థం కాదు. ఫోన్లో కొట్టి పంపితే పత్రికవాళ్లు అచ్చు వేస్తారని విన్నాను. నాకు ఫోన్లో కొట్టడం రాదు. మా ఇంట్లో అది వచ్చేది మనవరాలికి ఒక్కదానికే. వేరే ఎవరికైనా ఇద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. ఇవాళ పొద్దున నోటుబుక్కు ఆమె చేతికే ఇచ్చాను. నేను ఈ ఆఖరి ముక్క విడి కాగితం మీద రాస్తుంటే, ఆమె గుమ్మంలో కూర్చొని ముందు పేజీలు కొడుతున్నది. పెండ్లి పందిరి దగ్గర నవ్వింది. కాసేపటి తర్వాత నవ్వు లేదు. తర్వాత వేలు ఆగింది.

"తాతా."

"ఆ."

"గీ 'తినదు సిస్టరమ్మా' అన్నది గుడ కొట్టాల్నా?"

"కొట్టు బిడ్డా."

నేను తల ఎత్తలేదు. తర్వాత ఎత్తాను. ఆమె అటు తిరిగి, గోడకు ముఖం పెట్టి కూర్చున్నది. వీపు మాత్రం కనబడుతున్నది, నూనె రాసి బిగించి వేసిన జడ, మెడ మీద ఎముక. లేచి పోలేదు. నా దిక్కు తిరగలేదు. కొంచెం సేపటికి మళ్లీ వేలు ఆడింది, ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం.